గేటు నుంచి పోర్టికో దాకా: ప్లెయిన్ కాంక్రీట్, స్టాంప్డ్ కాంక్రీట్ కలిపి వేయించుకోవడం ఎలా

ఇల్లు పూర్తయ్యి, రంగులు కూడా పడ్డాక ఆఖరున మిగిలేది గేటు నుంచి పోర్టికో దాకా కారు వచ్చే దారి. అప్పటికి చేతిలో డబ్బూ అయిపోతుంది, ఒంట్లో ఓపికా అయిపోతుంది. మేస్త్రి "పార్కింగ్ టైల్స్ వేసేద్దాం సార్, రెండ్రోజుల్లో అయిపోద్ది" అంటాడు, మనం తలూపేస్తాం. హైదరాబాద్ బోడుప్పల్‌లో మా ఇల్లు కట్టినప్పుడు నేను తలూపలేదు. తాండూరు బండలు పరిచిన వాకిట్లో పెరిగినవాణ్ణి, వాకిలి అంటే రాయిలా కనిపించాలని నాకు గట్టిగా ఉండేది. పచ్చి కాంక్రీట్ మీద అచ్చులు గుద్ది రాయిలా కనిపించేట్టు చేసే స్టాంప్డ్ కాంక్రీట్ గురించి అప్పుడే తెలిసింది. దారి మొత్తం అదే వేయిస్తే ఖర్చు తట్టుకోలేం, మొత్తం మామూలు కాంక్రీట్ వేస్తే గోడౌన్ ముందు దారిలా ఉంటుంది, అందుకని మధ్యలో ప్లెయిన్, రెండు పక్కలా స్టాంప్డ్ పట్టీలు అనుకున్నాం.

మధ్య భాగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పక్క పట్టీలు మాత్రం మొదటి ఎండాకాలానికే ప్లెయిన్ నుంచి విడిపోయి సందు ఇచ్చాయి, అడ్డంగా మూడు చోట్ల పగిలాయి. ఒక పట్టీ పూర్తిగా పగలగొట్టించి మళ్లీ వేయించాను, అప్పుడు రోజంతా పక్కనే నిలబడి చూశాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మీరు వేయించబోతుంటే ఒక్క మాట మాత్రం ముందే మనసులో పెట్టుకోండి: ఈ రెండిటికీ తేడా పైన కనిపించే మూడు నాలుగు మిల్లీమీటర్లలోనే ఉండాలి. కింద మందం, సిమెంటు, ఇసుక, నీళ్ల కొలత, అన్నీ ఒకటే అయి ఉండాలి. మా పట్టీలు విడిపోయి సందు ఇవ్వడానికి కారణం ఇది పాటించకపోవడమే. మధ్య భాగానికి రెడీమిక్స్ తెప్పించి, పట్టీలు "కొంచెమే కదా" అని సైట్‌లో కంటి కొలతతో కలిపారు, అచ్చు సులువుగా దిగడానికి నీళ్లు ఎక్కువ పోశారు. నీళ్లు ఎక్కువైన కాంక్రీట్ ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోతుంది. పక్కనున్నది అంత కుంచించుకోదు. ఇక సందు రాక ఏం చేస్తుంది?

మొదటి పని ఏది ఎక్కడ రావాలో నేల మీద గీసుకోవడం. కాగితం మీద గీస్తే చాలదు. కారు లోపలికి తెచ్చి రెండు మూడు సార్లు వెనక్కీ ముందుకీ నడిపి చక్రాలు ఎక్కడ తిరుగుతున్నాయో సున్నంతో గుర్తు పెట్టండి, ఆ చోటంతా ప్లెయిన్. ఆగి ఉన్న కారు స్టీరింగ్ తిప్పితే టైర్ ఒకేచోట రుద్దుకుంటుంది, రంగూ, దాని మీద కాపాడటానికి వేసే సీలర్ పూతా ముందు పోయేది అక్కడే. బైకులు పెట్టే చోటు కూడా ప్లెయిన్‌గానే ఉంచండి, ఎండలో మెత్తబడిన సీలర్ మీద సైడ్ స్టాండ్ గుచ్చుకుని గుంట పడుతుంది. ఇంకొకటి, ఇది ఏ కాంట్రాక్టరూ అడగడు: మీ ఇంట్లో ముగ్గు ఎక్కడ వేస్తారు? అచ్చు గుద్దిన రాతి గరుకు మీద ముగ్గు గీత నిలవదు, పిండి గాళ్లలోకి పోతుంది, కల్లాపి చల్లితే ఆ గాళ్లలోనే మట్టి పేరుకుంటుంది. మా అమ్మ మొదటి సంక్రాంతికి ముగ్గు వేయబోయి గిన్నె పక్కన పెట్టి లేచి వెళ్లిపోయింది. రెండోసారి గేటు దగ్గర ఆమె కోసం నాలుగడుగుల చదరం ప్లెయిన్‌గా, చెక్క ఫ్లోట్‌తో తోసి వదిలేయించాను. ఇక కళ్లు పడే చోట్లు, అంటే పక్క అంచులు, పోర్టికో మెట్ల ముందు, తులసికోట చుట్టూ, అక్కడ స్టాంప్డ్ పెట్టుకోండి.

లెక్క తేలిగ్గా ఉండటానికి 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు దారి అనుకుందాం. మధ్యలో 7 అడుగులు ప్లెయిన్, రెండు పక్కలా రెండున్నర అడుగుల పట్టీలు. పట్టీ మరీ సన్నగా, అడుగో అడుగున్నరో పెట్టకండి, సన్నటి పట్టీ అడ్డంగా విరుగుతుంది. కాంక్రీట్ ఎలాగూ పగులుతుంది కాబట్టి ఎక్కడ పగలాలో మనమే కటింగ్ గీతలతో చెప్పాలి. గీతల మధ్య ముక్క చదరానికి దగ్గరగా ఉండాలి, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటకూడదు. అందుకని మధ్యలో ప్రతి 10 అడుగులకూ ఒక గీత పెడితే మూడు ముక్కలు, పట్టీలో అదే 10 అడుగుల్ని మళ్లీ మూడుగా చేస్తే దాదాపు 3 అడుగుల 4 అంగుళాలకు ఒకటి. ముఖ్యమైన విషయం, ప్లెయిన్‌లో గీత ఎక్కడుందో పట్టీలో కూడా సరిగ్గా అక్కడే ఒక గీత రావాలి. లేకపోతే ప్లెయిన్ గీత దగ్గర మొదలైన కదలిక పట్టీలోకి పగులుగా పాకుతుంది. మాకు వచ్చిన మూడు పగుళ్లలో రెండు అలా వచ్చినవే. పట్టీలో గీతలు కనిపిస్తే అందం పోతుందని బాధపడకండి, అచ్చు డిజైన్‌లో రాయికీ రాయికీ మధ్య వచ్చే గాడి మీదే గీత పడేట్టు ముందే అచ్చులు పరిచి చూసుకుంటే అది ఎవరికీ తెలియదు.

ఇప్పుడు సంపు సంగతి. మన ఊళ్లో చాలా ఇళ్లకి సంపు కారు దారి కిందే ఉంటుంది. సంపు స్లాబు దిగదు, దాని చుట్టూ నింపిన మట్టి మాత్రం దిగుతుంది, కాబట్టి సంపు గోడ ఎక్కడుందో సరిగ్గా దాని పైనే కాంక్రీట్ పగులుతుంది. దీనికి మందు ఒకటే, ఆ గోడ గీత పైకి కూడా ఒక జాయింట్ తీసుకురండి. వీలైతే ప్లెయిన్, స్టాంప్డ్ కలిసే హద్దునే ఆ గీత మీదకు జరపండి, రెండు పనులు ఒక జాయింట్‌తో అయిపోతాయి. సంపు మూత ఫ్రేము నాలుగు మూలల నుంచి కూడా పగుళ్లు మొదలవుతాయి, అందుకే కటింగ్ గీత మూల నుంచే బయలుదేరాలి. కాంపౌండ్ గోడ, పోర్టికో పిల్లర్లు, మెట్లు, వీటికి కాంక్రీట్ అంటుకోకుండా అర అంగుళం థర్మాకోల్ షీటు నిలబెట్టి పోయించండి.

నేల విషయంలో తొందర పనికిరాదు. హైదరాబాద్ అంతా ఒకే మట్టి అనుకోకండి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల్లోనే ఒకవైపు ఎర్ర నేల, ఇంకోవైపు నల్లరేగడి ఉన్నాయి. ఎండాకాలంలో మీ స్థలంలో వేలు దూరేంత బీటలు వస్తుంటే అది రేగడి. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే మట్టి మీద మీరు ఎంత మంచి కాంక్రీట్ పోసినా లేస్తుంది. కనీసం అడుగున్నర తీసేసి మొరం నింపండి. నింపేటప్పుడు ఒకేసారి పోయకుండా ఆరేసి అంగుళాలు పోసి, నీళ్లు పట్టి, దిమ్మిసతోనో ప్లేట్ కాంపాక్టర్‌తోనో గట్టిగా కొట్టించి, మళ్లీ పోయాలి. దాని మీద నాలుగు అంగుళాల కంకర, డస్ట్ కలిపిన బెడ్. పట్టీల కింద కూడా ఇదే, "అక్కడ కారు ఎక్కదు కదా" అని మేస్త్రి తప్పించుకోబోతాడు, ఒప్పుకోకండి.

వాలు అడుగుకి పావు అంగుళం, ఇంటి నుంచి బయటికి. మా దారి వాలు ఇంకుడు గుంత వైపు తిప్పించాం. స్టాంప్డ్ భాగంలో గాళ్లు ఉంటాయి కాబట్టి నీళ్లు అక్కడ నిలవడానికే చూస్తాయి, ప్లెయిన్ నుంచి నీళ్లు పట్టీ మీదుగా పోవలసి వస్తే వాలు ఇంకాస్త ఎక్కువున్నా తప్పులేదు. గేటు బయటి ర్యాంపు మాత్రం మీ స్థలం లోపలే పూర్తయ్యేట్టు చూసుకోండి, నాలా మీదకీ రోడ్డు మీదకీ తెస్తే ఎప్పుడో ఒకప్పుడు కొట్టేస్తారు, దాని మీద అచ్చులకి పెట్టిన డబ్బు కూడా పోతుంది.

కాంక్రీట్ ఎం25 గ్రేడు, మందం 5 అంగుళాలు, స్లంప్ (పచ్చి కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) 75 నుంచి 100 మి.మీ. మన 360 చదరపు అడుగులకి 150 ఘనపుటడుగులు, అంటే సుమారు 4.25 క్యూబిక్ మీటర్లు. అందులో ప్లెయిన్ వాటా దాదాపు 2.5, పట్టీల వాటా 1.8. ఇంత తక్కువకి రెండుసార్లు రెడీమిక్స్ బండి రావాలంటే సగం లోడు చార్జీ అడుగుతారు. ఇవ్వండి. నేను ఆ డబ్బు మిగుల్చుకోబోయి పట్టీ పగలగొట్టించుకున్నాను. రెండోసారి వచ్చేది కూడా అదే మిక్స్, అదే సిమెంటు అని రాయించుకోండి. లోపల 8 మి.మీ. రాడ్లు 8 అంగుళాల దూరంలో, కవర్ బ్లాకుల మీద ఎత్తి పెట్టించండి, నేల మీద పడుకున్న ఇనుము ఎందుకూ పనికిరాదు. ఈ రాడ్లు హద్దుకి రెండు అంగుళాల ఇవతలే ఆగిపోవాలి. హద్దు దాటేవి వేరే ఉంటాయి: 12 మి.మీ. నున్నటి రాడ్లు, అడుగున్నర పొడవువి, అడుగున్నరకి ఒకటి చొప్పున, సగం ప్లెయిన్‌లో, మిగతా సగం గ్రీజు పూసి పట్టీలోకి. అప్పుడు రెండూ ఎండకి సాగినా కుంచించుకున్నా అడ్డు ఉండదు, ఒకటి దిగి ఇంకొకటి లేచి కాలికి తగిలే మెట్టు మాత్రం రాదు.

ముందు ప్లెయిన్ పోయండి. సైడ్ చెక్కలకి రాడ్లు దూరే చిల్లులు పెట్టి బిగించి, పోసి, బద్దతో లాగి, పైన తేలిన నీళ్లు ఆరేదాకా ఆగి, చెక్క ఫ్లోట్ తోసి, గట్టి చీపురుతో అడ్డంగా ఒకే దిక్కున లాగించండి. చీపురు గీత వానాకాలంలో కాలు జారకుండా కాపాడుతుంది. పైన పొడి సిమెంటు చల్లి నున్నగా తోసే అలవాటు మన మేస్త్రీలకి ఉంది, అది నాలుగు నెలల్లో పొరలా లేచిపోతుంది, మొహమాటపడకుండా ఆపండి. కటింగ్ మిషన్ అదే రోజు సాయంత్రానికో, చలికాలమైతే మర్నాడు పొద్దునకో రావాలి, లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళంపావు. తర్వాత మడి కట్టి నీళ్లు నింపడమో, గోనెసంచులు తడిపి కప్పడమో 10 రోజులు తప్పకుండా. ఇక్కడ దొరికే సిమెంటు ఎక్కువగా పీపీసీ, అంటే ఫ్లై యాష్ లాంటివి కలిపి నెమ్మదిగా బలం పుంజుకునే రకం, మన ఎండకి ఏడు రోజులు చాలవు. ఈ 10 రోజులూ అయ్యాకే పట్టీలు పోయాలి, ఎందుకంటే ప్లెయిన్‌కి కావలసిన ఈ నీళ్లూ గోనెసంచులే స్టాంప్డ్ రంగుకి శత్రువులు, మరకలూ తెల్లటి ఉప్పు చారలూ పడతాయి.

పట్టీల రోజు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వద్దే వద్దు, వాన మబ్బు కనిపించినా వద్దు. ముందురోజు ప్లెయిన్ మీద అంచు నుంచి కనీసం నాలుగడుగులు ప్లాస్టిక్ షీటు పరిచి, అంచుకి టేపు గట్టిగా అంటించండి. గోడలకి కూడా మూడడుగుల ఎత్తు కప్పండి. రంగు పొడి ఎగురుతుంది, ఎగిరి తడి ప్లెయిన్ మీద పడిందంటే ఇక పోదు, మా ప్లెయిన్ మీద ఒకచోట ఎర్రటి మచ్చ ఇప్పటికీ ఉంది. పైన గ్రీన్ నెట్ కట్టించండి, నీడకీ గాలికీ రెండిటికీ పనికొస్తుంది.

పొద్దున ఆరుకల్లా పోత మొదలవ్వాలి. బద్ద లాగి ఫ్లోట్ తోశాక పైన నీటి మెరుపు పోయేదాకా ఆగండి. అప్పుడు కలర్ హార్డెనర్, ఇది సిమెంటు, సన్నటి ఇసుక, రంగు కలిసిన పొడి. 100 చదరపు అడుగులకి 25 నుంచి 30 కిలోలు పడుతుంది. మొదట మూడింట రెండు వంతులు చల్లాలి. ఎత్తు నుంచి విసరకుండా నడుము దగ్గర నుంచి పక్కకి జల్లించాలి. కింది చెమ్మ పీల్చుకుని పొడి నల్లబడుతుంది, మొత్తం నల్లబడ్డాకే ఫ్లోట్ తోయాలి. మిగిలిన వంతు పలచగా కనిపించిన చోట చల్లి మళ్లీ తోయాలి. పొడి తొందరగా తడవట్లేదని నీళ్లు చల్లబోతారు, చేయి పట్టుకుని ఆపండి.

ఇక అచ్చు ఎప్పుడు దించాలన్నదే ఈ పని మొత్తానికి ప్రాణం. వేలు పెట్టి నొక్కి చూడండి. పావు అంగుళం లోతు గుంట పడి, గుంట అంచులు అలాగే నిలిచి, వేలికి పచ్చి సిమెంటు అంటకుండా వస్తే అదే సమయం. వేలు మునిగిపోతే ఇంకా ఆగాలి, అచ్చు కింద నుంచి బురదలా పైకి వస్తుంది. గుంట పడటానికి బలం పెట్టాల్సి వస్తే ఆలస్యమైపోతోందని అర్థం. చలికాలంలో గంట పైన టైం ఉంటుంది, ఎండలో అరగంట కూడా ఉండదు, అందుకే ఒకేసారి రెండు పట్టీలూ పోయించకండి, ఒకటి పూర్తయ్యాకే రెండోది. వేలు పరీక్ష ఒక్కచోట చేసి ఊరుకోకండి, ఎండ పడే చివర ముందు గట్టిపడుతుంది, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అచ్చు అంటుకోకుండా రిలీజ్ పౌడర్ చల్లుతారు, గాలి ఉంటే పౌడర్ బదులు లిక్విడ్ రిలీజ్ అడగండి. అచ్చుల్ని ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా పేర్చి, చెక్క దిమ్మెతో కొట్టి, నిలువుగా పైకి తీయాలి, పక్కకి లాగితే రాతి అంచు చెదురుతుంది. హద్దు దగ్గర సగం అచ్చు సరిపడదు, అక్కడ మెత్తటి చిన్న అచ్చూ చేతి ఉలీ వాడతారు. హద్దు చక్కగా ఉంటేనే రెండూ కావాలని కలిపినట్టుంటాయి, కాబట్టి అంచులో అర అంగుళం వ్యాసార్థంతో ఎడ్జర్ (అంచుని గుండ్రంగా తీర్చే పనిముట్టు) తిప్పించండి.

రెండు రోజులాగి మెత్తటి బ్రష్‌తో, తక్కువ ప్రెషర్ నీళ్లతో రిలీజ్ పౌడర్ కడగాలి. మొత్తం పోగొట్టకూడదు, గాళ్లలో కొంచెం మిగిలితేనే పాత రాయిలా కనిపిస్తుంది. కడిగిన నీళ్లు ప్లెయిన్ మీదకు పోకుండా చూసుకోండి. ఆరాక క్యూరింగ్ కాంపౌండ్, అంటే లోపలి చెమ్మ ఆరిపోకుండా పైన పూసే మందు, వేయాలి, తర్వాత వేసే సీలర్‌తో కలిసేదే కొనాలి, రెండూ ఒకే కంపెనీవైతే గొడవ ఉండదు.

అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్లు ఇది చదివి అలాగే చేయించకండి, అక్కడ లెక్క వేరు. మా అక్కావాళ్లు మినియాపొలిస్‌లో ఉంటారు, వాళ్ల వీధిలో కూడా మధ్యలో ప్లెయిన్, అంచులకే డిజైన్ ఎక్కువ. దానికి కారణం చలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, కాంక్రీట్‌లో ఇంకిన నీరు అలా ఉబ్బి కరిగి మళ్లీ ఉబ్బితే పైపొర రేకుల్లా లేస్తుంది. అందుకే అక్కడ కాంక్రీట్‌లో కావాలని 5 నుంచి 7 శాతం సన్నటి గాలి బుడగలు కలుపుతారు, మంచు ఉబ్బడానికి అవి చోటిస్తాయి. పట్టీలకీ ప్లెయిన్‌కీ రెండిటికీ అవి ఉండాల్సిందే. స్టీల్ తాపీతో నున్నగా తోస్తే పైపొరలో ఆ బుడగలు పోతాయి, కాబట్టి చీపురు ఫినిషింగే మేలు, మంచులో కాలుకీ టైరుకీ పట్టు కూడా అదే ఇస్తుంది. అచ్చు లోతు తక్కువున్నది ఎంచుకోవాలి, మంచు తోసే బ్లేడు ఎత్తైన అంచులకి తగిలి లేపేస్తుంది. సీజన్ చివర్లో పోయించకూడదు. మొదటి చలికాలం ఉప్పు చల్లకుండా ఇసుకతో సరిపెట్టుకోవాలి. అమోనియం ఉన్న మంచు కరిగించే మందులు ఎప్పుడూ వాడకూడదు, అవి కాంక్రీట్‌నే తినేస్తాయి. మెరిసే సీలర్ బదులు లోపలికి ఇంకే సైలేన్ రకం అక్కడ నయం. ఇక్కడ మనకి గడ్డకట్టే చలి లేదు కాబట్టి గాలి బుడగల మిక్స్ అడగాల్సిన పనిలేదు, వీడియో చూసి ఆర్డర్ ఇవ్వకండి.

మన సీలర్ 28 రోజులయ్యాక. ముందురోజు సాయంత్రం అడుగున్నర ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు లేపి చూడండి, లోపల చెమ్మ పట్టి ఉంటే ఇంకా ఆరలేదు, ఆగాలి. తడి మీద వేస్తే తెల్లగా పొగలా అయిపోతుంది. ఎండ తగ్గాక వేయించండి, మధ్యాహ్నం వేస్తే బుడగలొస్తాయి. ఒక మందపాటి కోటింగ్ కంటే రెండు పలచటివి మంచిది, రెండో దాంట్లో జారకుండా ఉండే గరుకు పొడి కలపమనండి, మా ఇంట్లో లాగా పెద్దవాళ్లుంటే అది తప్పనిసరి. రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. నీళ్లు పోస్తే ముత్యాల్లా నిలవకుండా ఇంకిపోతుంటే టైం వచ్చినట్టే. ప్లెయిన్‌కి లోపలికి ఇంకే రకం ఒక కోటింగ్ వేస్తే నూనె మరకలు కాస్త తగ్గుతాయి.

దసరాకి కారు పూజ ఎక్కడ చేయాలో కూడా ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి. కుంకుమ నింపిన గుమ్మడికాయ స్టాంప్డ్ పట్టీ మీద కొడితే ఎరుపు గాళ్లలో దిగుతుంది. ప్లెయిన్ మీద కొట్టి, నిమ్మకాయలు తొక్కించిన వెంటనే బకెట్ నీళ్లు పోసి చీపురుతో తోసేయండి. పులుపు ఎక్కువసేపు ఉంటే సిమెంటు తెల్లగా తినేసినట్టు అవుతుంది, పసుపు మాత్రం ఎండకే వారంలో పోతుంది.